హృద్రోగులలో వ్యాయామ శిక్షణ: రక్తనాళాల లోపొర ఆరోగ్యంపై ప్రభావం

వ్యాససంగ్రహం:

గుండె రక్తనాళాలలో పూడిక ఏర్పడిన రోగులకు వ్యాయామం మేలు చేస్తుందన్నది వైద్యలోకం అంగీకరించిన విషయం. ఆ మేలు శరీరంలో ఎక్కడ, ఏ మార్గంలో కలుగుతున్నదన్న ప్రశ్నకు మాత్రం గత నాలుగు దశాబ్దాల పరిశోధనలలోనే స్పష్టమైన సమాధానం లభించింది. రక్తనాళాల లోపొర అయిన ఎండోథీలియం నిర్మాణం, ధర్మాలు, వైఫల్యం, దానిని కొలిచే పద్ధతులు, వ్యాయామ శిక్షణ వల్ల దానిలో వచ్చే మార్పులు ఈ వ్యాసంలో పరిశీలించబడ్డాయి. వ్యాయామం పూడికను తొలగించడం కంటె ముందుగా లోపొర స్పందనను పునరుద్ధరిస్తుందనీ, ఆ ఫలితం కొద్ది వారాలలోనే కనిపిస్తుందనీ, శిక్షణ ఆగితే అంతే త్వరగా క్షీణిస్తుందనీ ఆధారాలు సూచిస్తున్నాయి. కాబట్టి హృద్రోగికి వ్యాయామం కొంతకాలం చేసి ముగించే చికిత్స కాదు. కొనసాగించవలసిన చికిత్స అన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం.

కీలకపదాలు: ఎండోథీలియం, నైట్రిక్ ఆక్సైడ్, వ్యాయామ శిక్షణ, హృద్ధమనులు, ప్రవాహ ప్రేరిత వ్యాకోచం, హృదయ పునరావాసం.

1. ఉపోద్ఘాతం:

గుండెనొప్పిని ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించి వర్ణించిన ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్. ఆయన మరణానంతరం 1802లో వెలువడిన వైద్య వ్యాఖ్యాన గ్రంథంలో ఒక చిన్న ప్రస్తావన ఉంది. రోజూ అరగంట సేపు కట్టెలు కోయడం నియమంగా పెట్టుకున్న ఒక రోగికి ఆ నొప్పి దాదాపు నయమైనదని ఆయన నమోదు చేశాడు. ఈ పరిశీలనకు వైద్యరంగంలో చాలాకాలం కొనసాగింపు లేకపోయింది. ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగం వరకు గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచానికే పరిమితం చేయడం సాధారణ పద్ధతిగా ఉండేది. 1952లో అమెరికన్ వైద్యులు శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ రోగులను మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టవచ్చునని ప్రతిపాదించడమే అప్పట్లో సాహసంగా భావించబడింది.

ఆ తరువాత పరిస్థితి మారింది. వ్యాయామం ప్రధానాంశంగా ఉండే హృదయ పునరావాస కార్యక్రమాలు అనేక దేశాలలో చికిత్సలో భాగమయ్యాయి. 2016లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 63 అధ్యయనాలను, 14,486 మంది రోగులను పరిశీలించింది. వ్యాయామ ఆధారిత పునరావాసం పొందినవారిలో హృదయ సంబంధ మరణాలు 10.4 శాతం నుండి 7.6 శాతానికి, ఆసుపత్రి చేరికలు 30.7 శాతం నుండి 26.1 శాతానికి తగ్గినట్లు ఆ సమీక్ష తేల్చింది. అయితే అన్ని కారణాల మరణాలను కలిపి చూసినప్పుడు స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు.

ఈ మేలుకు రక్తపోటు, కొలెస్టరాల్, బరువు, చక్కెర తగ్గడమే కారణమని మొదట భావించారు. అది పూర్తి సమాధానం కాదని తరువాత తెలిసింది. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 27,055 మంది మహిళల వివరాలను విశ్లేషించారు. శారీరక శ్రమ వల్ల తగ్గిన హృద్రోగ ముప్పులో సుమారు 59 శాతాన్ని మాత్రమే తెలిసిన ప్రమాద కారకాలు వివరించగలిగాయి. మిగిలిన భాగానికి కారణాన్ని వేరొకచోట వెతకవలసి ఉంది. పరిశోధకులు ప్రధానంగా వెతికిన చోటు రక్తనాళపు గోడ; అందులోనూ రక్తాన్ని నేరుగా తాకుతూ ఉండే ఒకే ఒక్క కణాల పొర.

2. రక్తనాళపు లోపొర – నిర్మాణం, ధర్మాలు:

ధమని గోడలో మూడు పొరలుంటాయి. వెలుపలిది సంధాయక కణజాలంతో, నడిమిది నునుపు కండరంతో ఏర్పడతాయి. లోపలి పొరలో రక్తానికి అభిముఖంగా ఒకే వరుస కణాలు పరచుకొని ఉంటాయి. ఈ కణాల వరుసనే ఎండోథీలియం అంటారు. దీనిని ఈ వ్యాసంలో ‘లోపొర’ అనీ, గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులను ‘హృద్ధమనులు’ అనీ వ్యవహరించడం జరిగింది.

లోపొర కేవలం ఒక అస్తరు వంటిదన్న భావన 1980 వరకు బలంగా ఉండేది. ఆ భావనను మార్చినది న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్జ్కీ కుందేలు బృహద్ధమనిపై జరిపిన ప్రయోగం. ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం శరీరంలో రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. ప్రయోగశాలలో కోసిన ధమని ముక్కలను మాత్రం సంకోచింపజేసేది. ఈ వైరుధ్యానికి కారణం ముక్కలను సిద్ధం చేసే తీరులో ఉన్నదని వారు గుర్తించారు. ధమనిని కోసేటప్పుడు లోపలి తలం రాపిడికి గురై లోపొర ఊడిపోతే ఆ ముక్క సంకోచించేది. లోపొర చెక్కుచెదరకుండా ఉంటే వ్యాకోచించేది. లోపొర లేని ముక్కకు లోపొర ఉన్న ముక్కను ఆనించి ఉంచినప్పుడు మొదటిది కూడా సడలింది. అంటే లోపొర నుండి ఏదో పదార్థం వెలువడి కండరాన్ని సడలిస్తున్నదని రుజువైంది.

ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని 1980వ దశకం చివరినాటికి తేలింది. ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో ఈ గుర్తింపును ప్రతిపాదించగా, లండన్‌లో సాల్వడార్ మోంకాడా బృందం 1987లో ప్రయోగపూర్వకంగా నిరూపించింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

లోపొర కణాలలోని ఒక ఎంజైమ్ ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుండి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఆ వాయువు పక్కనే ఉన్న నునుపు కండర కణంలోకి వ్యాపించి దానిని సడలిస్తుంది. ఫలితంగా నాళం వెడల్పు పెరిగి రక్తప్రవాహం అధికమవుతుంది. ఈ వాయువు ఆయుష్షు కొన్ని సెకన్లు మాత్రమే. కాబట్టి దానిని నిల్వ ఉంచుకోవడానికి వీలులేదు. అవసరమైనప్పుడల్లా అక్కడికక్కడే తయారు కావాలి. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర చేసేది కూడా ఇదే పని. లోపొర తయారుచేయలేకపోతున్న నైట్రిక్ ఆక్సైడ్‌ను అది బయటి నుండి సమకూరుస్తుంది.

నాళాన్ని వ్యాకోచింపజేయడంతో నైట్రిక్ ఆక్సైడ్ పని ముగియదు. రక్తఫలకికలు ఒకదానికొకటి అతుక్కోకుండా, తెల్ల రక్తకణాలు గోడకు అంటుకోకుండా, నునుపు కండర కణాలు అపరిమితంగా పెరగకుండా అది అదుపుచేస్తుంది. పూడిక ఏర్పడే ప్రక్రియలోని దాదాపు ప్రతి మెట్టునూ అది అడ్డుకుంటుందని దీనినిబట్టి గ్రహించవచ్చు.

3. లోపొర వైఫల్యం – కొలిచే పద్ధతులు:

పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, అధిక కొలెస్టరాల్, శారీరక శ్రమ లేకపోవడం వంటి కారణాల వల్ల లోపొర కణాలలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు వెలువడే సూపర్ ఆక్సైడ్ అణువులు నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి దానిని నిర్వీర్యం చేస్తాయి. పరిస్థితి మరింత విషమిస్తే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేయవలసిన ఎంజైమే సూపర్ ఆక్సైడ్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. కాపలా కాయవలసినదే నష్టం చేసే ఈ స్థితిని లోపొర వైఫల్యం అంటారు.

హృద్రోగులలో దీని స్వరూపాన్ని 1986లో బోస్టన్ పరిశోధకులు ప్రత్యక్షంగా చూపించారు. వారు రోగుల హృద్ధమనులలోకి ఎసిటైల్ కోలిన్‌ను పంపి, ఎక్స్‌రే చిత్రాల ద్వారా నాళాల వెడల్పును కొలిచారు. ఆరోగ్యకరమైన ధమనులు వ్యాకోచించాయి. పూడిక ఉన్న ధమనులు అందుకు విరుద్ధంగా సంకోచించాయి. అవే ధమనులు నైట్రోగ్లిజరిన్‌కు మాత్రం వ్యాకోచించాయి. కండరానికి సడలే శక్తి ఉన్నదనీ, సడలమని ఆదేశించవలసిన లోపొరే విఫలమైందనీ దీనివల్ల స్పష్టమైంది. ఇది రోగి దైనందిన జీవితానికి సంబంధించిన విషయం. మెట్లు ఎక్కేటప్పుడు గుండెకు అదనపు రక్తం అవసరమవుతుంది. విచ్చుకోవలసిన ఆ క్షణంలోనే ధమని కుంచించుకుపోతే స్థిరంగా ఉన్న పూడిక కూడా తీవ్రమైన అడ్డంకిగా మారుతుంది.

హృద్ధమనులలోకి గొట్టం పంపి చేసే పరీక్షను తరచుగా జరపడం సాధ్యం కాదు. 1992లో డేవిడ్ సెలెర్మేయర్ బృందం ఒక సులభమైన పద్ధతిని ప్రవేశపెట్టింది. ముంజేతికి రక్తపోటు పట్టీ చుట్టి, 5 నిమిషాలపాటు రక్తప్రవాహాన్ని ఆపి, ఒక్కసారిగా వదులుతారు. ఉరవడిగా ప్రవహించే రక్తానికి స్పందించి పై చేతిలోని ధమని ఎంత శాతం వెడల్పవుతుందో అల్ట్రాసౌండ్ ద్వారా కొలుస్తారు. దీనిని ‘ప్రవాహ ప్రేరిత వ్యాకోచం’ అంటారు. 2010లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం ఈ కొలత 1 శాతం మేర ఎక్కువగా ఉన్నవారిలో భవిష్యత్ హృదయ సంఘటనల ముప్పు సుమారు 13 శాతం తక్కువగా ఉంది. చేతి ధమనిలో కనిపించే స్పందన గుండె ధమనుల స్థితికి కొంతవరకు అద్దం పడుతుందన్న అవగాహనపై ఈ పద్ధతి ఆధారపడి ఉంది.

4. వ్యాయామం లోపొరను ప్రభావితం చేసే తీరు:

ప్రవహించే రక్తం నాళపు గోడను నిరంతరం ఒరుసుకుంటూ సాగుతుంది. ఈ ఒరిపిడిని లోపొర కణాలు గుర్తించగలవు. కణాల ఉపరితలంపై ఉండే చక్కెర అణువుల పూత, కణాల నడుమ ఉండే ప్రోటీన్లు ఈ యాంత్రిక సంకేతాన్ని రసాయన సంకేతంగా మారుస్తాయి. ఆ సంకేతం చివరకు నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమ్‌పై ఒక నిర్దిష్ట స్థానంలో ఫాస్ఫేట్‌ను చేర్చి దానిని చురుకుగా మారుస్తుంది. ఈ ప్రక్రియ తరచుగా జరిగినకొద్దీ కణం ఆ ఎంజైమ్‌ను అధిక పరిమాణంలో తయారుచేసుకుంటుంది. ఆక్సీకరణను అదుపుచేసే ఎంజైమ్‌లు కూడా పెరుగుతాయి.

ఒరిపిడి అన్నిచోట్లా ఒకే రీతిగా ఉండదు. తిన్నగా సాగే ధమనిలో ప్రవాహం ఒకే దిశలో, నిలకడగా ఉంటుంది. ధమని చీలే చోట్లలోనూ, వంపులలోనూ ప్రవాహం సుడులు తిరిగి ముందుకూ వెనుకకూ ఊగిసలాడుతుంది. పూడికలు ఎక్కువగా ఏర్పడేది ఇటువంటి చోట్లలోనే. వ్యాయామ సమయంలో గుండె అధిక పరిమాణంలో రక్తాన్ని పంపడం వల్ల ముందుకు సాగే ప్రవాహం బలపడి, లోపొరకు మేలుచేసే రకమైన ఒరిపిడి పెరుగుతుంది.

ఈ వివరణ ఊహ మాత్రమే కాదని 2010లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపించింది. ఆరోగ్యవంతులైన యువకులు 8 వారాలపాటు రెండు చేతులతోనూ ఒకే తీరులో పిడికిలి బిగించే వ్యాయామం చేశారు. వ్యాయామం చేస్తున్నంతసేపూ ఒక ముంజేతికి పట్టీ బిగించి, 60 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో ఆ చేతిలో రక్తప్రవాహం పెరగకుండా నియంత్రించారు. కండరాల శ్రమ రెండు చేతులలోనూ సమానమే. లోపొర స్పందన మాత్రం పట్టీ లేని చేతిలోనే మెరుగుపడింది. నాళానికి మేలుచేసినది కండరం పడిన శ్రమ ఒక్కటే కాదనీ, ఆ శ్రమ వల్ల పెరిగిన రక్తప్రవాహమే ప్రధాన కారణమనీ దీనినుండి తెలుస్తున్నది.

5. హృద్రోగులలో లభించిన ఆధారాలు:

ఆరోగ్యవంతులలో నిరూపితమైన విషయం దెబ్బతిన్న ధమనులకు వర్తిస్తుందా అన్నది కీలకమైన ప్రశ్న. దీనికి జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో రైనర్ హాంబ్రెష్ట్ బృందం జరిపిన అధ్యయనాలు ప్రత్యక్ష సమాధానాన్ని ఇచ్చాయి.

2000లో ప్రచురితమైన అధ్యయనంలో లోపొర వైఫల్యం ఉన్న 19 మంది హృద్రోగులు పాల్గొన్నారు. వారిలో 10 మందిని వ్యాయామ బృందంలోనూ, 9 మందిని నియంత్రణ బృందంలోనూ యాదృచ్ఛికంగా చేర్చారు. వ్యాయామ బృందంవారు ఆసుపత్రి పర్యవేక్షణలో రోజుకు 6 సార్లు, ఒక్కొక్కసారి 10 నిమిషాల చొప్పున శ్రమించారు. తీవ్రతను గరిష్ఠ హృదయ స్పందనలో 80 శాతంగా నిర్ణయించారు. 4 వారాల తరువాత హృద్ధమనులలోకి ఎసిటైల్ కోలిన్‌ను పంపి చూస్తే, అంతకుముందు కనిపించిన అసహజ సంకోచం 54 శాతం తగ్గింది. అవసరాన్నిబట్టి ప్రవాహాన్ని పెంచుకోగల సామర్థ్యం 29 శాతం పెరిగింది. నియంత్రణ బృందంలో ఇటువంటి మార్పు లేదు.

ఈ మార్పు అణుస్థాయిలో ఎలా జరిగిందో 2003లో అదే బృందం పరిశీలించింది. బైపాస్ శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్న 35 మంది రోగులలో కొందరికి 4 వారాల శిక్షణ ఇచ్చారు. శస్త్రచికిత్స సమయంలో ఛాతీలోని అంతర స్తన ధమని నుండి చిన్న ముక్కను సేకరించి పరీక్షించారు. శిక్షణ పొందినవారిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమ్ పరిమాణం సుమారు రెండింతలు, ఫాస్ఫేట్ చేరి చురుకైన రూపం సుమారు నాలుగింతలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

పూడిక పరిమాణంపై వ్యాయామ ప్రభావం ఇంతకంటె భిన్నమైనది. 1993లో హాంబ్రెష్ట్ బృందమే 62 మంది రోగులను ఏడాదిపాటు గమనించింది. వారానికి సుమారు 2,200 కిలోకేలరీలు, అంటే 5 నుండి 6 గంటల వ్యాయామంలో ఖర్చయ్యేంత శక్తిని వినియోగించినవారిలోనే పూడిక కొంత వెనుకకు తగ్గడం కనిపించింది. ఈ రెండు ఫలితాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక ముఖ్యమైన భేదం బోధపడుతుంది. నాళపు ఆకృతి మారడానికి ఎంతో శ్రమ, ఎంతో కాలం కావాలి. నాళపు నడవడి మారడానికి నెల రోజులు చాలు. ఏడాది తరువాత తీసిన యాంజియోగ్రామ్‌లో పూడిక యథాతథంగా కనిపించినంత మాత్రాన వ్యాయామం వృథా అయినట్లు కాదు. రోగికి నొప్పి తగ్గడానికీ, నడిచే దూరం పెరగడానికీ యాంజియోగ్రామ్‌లో కనిపించని ఈ మార్పు కూడా ఒక కారణం.

2004లో వెలువడిన మరొక అధ్యయనం మరింత చర్చకు దారితీసింది. స్థిరమైన హృద్ధమనీ వ్యాధి ఉన్న 101 మంది పురుషులలో కొందరికి స్టెంటు వేశారు. మిగిలినవారు 12 నెలలపాటు రోజూ 20 నిమిషాలు సైకిల్ యంత్రంపై వ్యాయామం చేశారు. ఏడాది చివర ఏ హృదయ సంఘటనా లేకుండా ఉన్నవారు వ్యాయామ బృందంలో 88 శాతం, స్టెంటు బృందంలో 70 శాతం. స్టెంటు ధమనిలో కొన్ని మిల్లీమీటర్ల ఇరుకును సరిచేస్తుంది. లోపొర వైఫల్యం మాత్రం ఆ ధమని పొడవునా, ఇతర ధమనులలో కూడా విస్తరించి ఉంటుంది. వ్యాయామం పనిచేసేది ఆ విస్తృతమైన తలంపై.

ఈ ఫలితం గుండెపోటు సమయంలో చేసే అత్యవసర చికిత్సకు వర్తించదు. మూసుకుపోయిన ధమనిని ఆ సమయంలో వెంటనే తెరవడం ప్రాణరక్షక చికిత్స. దానికి వ్యాయామం ప్రత్యామ్నాయం కానేరదు. వ్యాధి స్థిరంగా ఉన్న రోగులకు మాత్రమే ఈ చర్చ పరిమితం.

శ్రమించని అవయవాల నాళాలకు కూడా ఈ మేలు అందుతుందా అన్న విషయంలో ఫలితాలు ఏకరీతిగా లేవు. గుండె వైఫల్యం ఉన్న రోగులలో కాళ్ళతో సైకిల్ తొక్కిన తరువాత చేతి ధమని స్పందన మెరుగుపడినట్లు 2001లో లైప్‌జిగ్ అధ్యయనమే తెలిపింది. హృద్ధమనీ వ్యాధి ఉన్నవారిపై 2002లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో మాత్రం కాలి ధమనిలో కనిపించిన మెరుగుదల చేతి ధమనిలో కనిపించలేదు. వ్యాయామ వ్యవధి, తీవ్రత, రోగి ప్రారంభ స్థితి ఈ భేదానికి కారణాలు కావచ్చు.

6. ఏ వ్యాయామం? ఎంత తీవ్రత?

వ్యాయామ తీవ్రత గురించి గత రెండు దశాబ్దాలలో విస్తృతమైన చర్చ జరిగింది. 2007లో నార్వేలోని ట్రోన్‌హైమ్ పరిశోధకులు గుండె వైఫల్యం ఉన్న 27 మందిలో రెండు పద్ధతులను పోల్చారు. మొదటిది 4 నిమిషాల తీవ్ర శ్రమ, నడుమ తేలికపాటి శ్రమగా సాగే విరామ పద్ధతి. రెండవది మితమైన తీవ్రతతో ఆగకుండా చేసేది. ప్రాణవాయు వినియోగ సామర్థ్యం విరామ పద్ధతిలో 46 శాతం, నిరంతర పద్ధతిలో 14 శాతం పెరిగింది. లోపొర స్పందన కూడా మొదటి బృందంలోనే ఎక్కువగా మెరుగుపడింది.

ఈ ఉత్సాహాన్ని తరువాతి పెద్ద అధ్యయనాలు కొంత తగ్గించాయి. 2015లో ఫలితాలు వెలువడిన బెల్జియం అధ్యయనంలో 200 మంది హృద్ధమనీ వ్యాధిగ్రస్తులు 12 వారాలు శిక్షణ పొందారు. సామర్థ్యం విరామ బృందంలో 22.7 శాతం, నిరంతర బృందంలో 20.3 శాతం పెరిగింది. లోపొర స్పందనలోనూ రెండు బృందాలు సమానంగా మెరుగుపడ్డాయి. తీవ్ర బృందంవారు నిర్దేశించిన స్థాయి కంటె కొంత తక్కువగా, మిత బృందంవారు కొంత ఎక్కువగా శ్రమించడం ఇందులో గమనించదగిన విషయం. కాగితంపై రాసిన తీవ్రతకూ, రోగి వాస్తవంగా చేసే తీవ్రతకూ నడుమ ఉండే ఈ అంతరాన్ని పరిశోధకులు విస్మరించరాదు. గుండె వైఫల్యం ఉన్న 261 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన బహుకేంద్ర అధ్యయనం కూడా తీవ్ర విరామ పద్ధతికి ప్రత్యేక ఆధిక్యం లేదని తేల్చింది.

వ్యాయామ రకం విషయంలో 2009లో ప్రచురితమైన అధ్యయనం ఉపయుక్తమైనది. ఇటీవల మొదటిసారి గుండెపోటుకు గురైన 209 మందిని నాలుగు బృందాలుగా విభజించారు. ఒక బృందం ఏరోబిక్ వ్యాయామం, ఒకటి బరువులతో వ్యాయామం, ఒకటి రెండూ కలిపి చేశాయి. నాలుగవ బృందానికి శిక్షణ లేదు. 4 వారాల తరువాత శిక్షణ పొందిన మూడు బృందాలలోనూ ప్రవాహ ప్రేరిత వ్యాకోచం 4 శాతం పరిసరాల నుండి 10 శాతం సమీపానికి పెరిగింది. మూడు పద్ధతుల నడుమ చెప్పుకోదగిన భేదం లేదు.

వీటన్నింటినీ సమన్వయపరిస్తే, రోగి సురక్షితంగా, క్రమం తప్పకుండా చేయగలిగిన వ్యాయామమే అతనికి తగిన వ్యాయామం అని భావించవచ్చు. పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాల మితమైన శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేని స్థాయిని మితమైన తీవ్రతగా గుర్తించవచ్చు. హృద్రోగి వ్యాయామం ప్రారంభించే ముందు వైద్యుని పర్యవేక్షణలో శ్రమ పరీక్ష జరగాలి. విశ్రాంతిలో కూడా నొప్పి వచ్చే అస్థిర స్థితి, అదుపులో లేని గుండె లయ దోషాలు, బృహద్ధమని కవాటం తీవ్రంగా ఇరుకైన స్థితి ఉన్నవారు వాటికి చికిత్స పొందేవరకు వ్యాయామ శిక్షణకు అర్హులు కారు.

7. శిక్షణ ఆగితే కలిగే పరిణామం:

పైన పేర్కొన్న 209 మంది రోగుల అధ్యయనంలో మరొక ముఖ్యమైన దశ ఉంది. 4 వారాల శిక్షణ ముగిసిన తరువాత రోగులు ఒక నెలపాటు వ్యాయామం మానివేశారు. నెల గడిచాక కొలిచినప్పుడు ప్రవాహ ప్రేరిత వ్యాకోచం తిరిగి ప్రారంభ స్థాయికి చేరుకుంది. ఏ రకమైన వ్యాయామం చేసినవారికైనా ఫలితం ఇదే. ఒక నెలలో సమకూరిన లాభం మరొక నెలలో పూర్తిగా కరిగిపోయింది.

లోపొర స్వభావాన్ని గ్రహిస్తే ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. నైట్రిక్ ఆక్సైడ్ నిల్వ ఉండని పదార్థం. దానిని తయారుచేసే ఎంజైమ్ పరిమాణం ఒరిపిడి సంకేతంపై ఆధారపడి ఉంటుంది. సంకేతం ఆగిపోతే కణం ఆ ఎంజైమ్ తయారీని తగ్గించుకుంటుంది. రక్తపోటు మాత్ర మానివేస్తే రక్తపోటు మళ్ళీ పెరిగినట్లే, వ్యాయామం మానివేస్తే లోపొర పూర్వస్థితికి చేరుకుంటుంది.

కొన్ని వారాల పునరావాస కార్యక్రమం ముగిసిన రోజున రోగికి అందే ధ్రువపత్రం చికిత్స పూర్తయిందన్న భ్రమను కలిగించే అవకాశం ఉంది. వాస్తవానికి ఆ కార్యక్రమం వ్యాయామాన్ని అలవాటు చేయడానికి మాత్రమే ఉద్దేశించబడింది. కార్యక్రమం విజయాన్ని చివరిరోజున తీసిన కొలతలతో కాక, ఏడాది తరువాత రోగి నడుస్తున్నాడా లేదా అన్నదానితో నిర్ణయించడం సమంజసం.

8. ఆధారాల పరిమితులు:

ఈ నిర్ధారణలను స్వీకరించేటప్పుడు కొన్ని పరిమితులను గుర్తుంచుకోవాలి. హృద్ధమనులలో ప్రత్యక్షంగా కొలిచిన అధ్యయనాలలో రోగుల సంఖ్య చాలా తక్కువ. పాల్గొన్నవారిలో అధికులు పురుషులు. ఆ ఫలితాలు స్త్రీలకు అదే మేరకు వర్తిస్తాయని చెప్పడానికి ఆధారం చాలదు. ప్రవాహ ప్రేరిత వ్యాకోచాన్ని కొలిచే పద్ధతి పరీక్షకుని నైపుణ్యంపై, రోగి ఆహారంపై, గది ఉష్ణోగ్రతపై ఆధారపడి మారుతుంది. పైగా అది పరోక్ష సూచిక మాత్రమే. సూచిక మెరుగుపడిన ప్రతి రోగిలోనూ మరణపు ముప్పు అదే నిష్పత్తిలో తగ్గుతుందని భావించడానికి వీలులేదు.

మరొక సూక్ష్మమైన సమస్య కూడా ఉంది. ఆరోగ్యవంతులపై జరిగిన అధ్యయనాలలో శిక్షణ మొదలైన రెండు వారాలకే లోపొర స్పందన పెరిగి, ఆ తరువాత క్రమంగా పూర్వస్థాయి వైపు తగ్గింది. ఈలోగా ధమని వెడల్పే పెరిగింది. నాళం శాశ్వతంగా వెడల్పయినప్పుడు ప్రతిసారీ అధికంగా విచ్చుకోవలసిన అవసరం తగ్గుతుందని దీనిని వివరించారు. కాబట్టి దీర్ఘకాల అధ్యయనంలో స్పందన కొలత ఒక్కటే తీసుకొని, ధమని వెడల్పును విస్మరిస్తే పొరపాటు నిర్ధారణలు వెలువడే ప్రమాదం ఉంది.

9. తెలుగు నేలకు వర్తింపు:

హృద్రోగం నగరవాసుల వ్యాధి మాత్రమేనన్న అభిప్రాయాన్ని తెలుగు నేలపై జరిగిన అధ్యయనమే తోసిపుచ్చింది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణ కారణాలను పరిశీలించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. అక్కడి మరణాలలో 32 శాతానికి గుండె, రక్తప్రసరణ వ్యవస్థల వ్యాధులే కారణమని తేలింది. దక్షిణాసియావాసులకు మొదటి గుండెపోటు ఇతర దేశాలవారి కంటె చిన్న వయస్సులో వస్తున్నదని 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం వెల్లడించింది. దక్షిణాసియాలో సగటు వయస్సు 53 సంవత్సరాలు కాగా, ఇతర ప్రాంతాలలో అది 58.8 సంవత్సరాలు. కుటుంబ భారం మోసే వయస్సులోనే వచ్చే వ్యాధి కావడంవల్ల చికిత్స తరువాతి దశాబ్దాల జీవనం ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఖరీదైన శస్త్రచికిత్సలను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. శస్త్రచికిత్స అనంతరం క్రమబద్ధమైన వ్యాయామానికి కూడా అంతే ప్రాధాన్యం లభించవలసి ఉంది. ఇంటికి వచ్చిన రోగిని మెట్లెక్కవద్దనీ, బజారుకు వెళ్ళవద్దనీ, ఏ పనీ ముట్టుకోవద్దనీ కుటుంబ సభ్యులు వారించడం ప్రేమతో చేసే పనే. కొద్దిరోజుల విశ్రాంతికి అర్థం ఉంది. ఆ విశ్రాంతి నెలలుగా, సంవత్సరాలుగా సాగితే లోపొరకు అందవలసిన సంకేతం అందకుండా పోతుంది. కాబట్టి ఆసుపత్రి నుండి పంపేటప్పుడు ఇచ్చే సలహా రోగితోపాటు కుటుంబానికి కూడా అర్థమయ్యేలా తెలుగులో, ఎన్ని రోజుల తరువాత ఎంతసేపు నడవాలో అంకెలతో సహా ఉండాలి.

పరికరాలు, వ్యాయామశాలలు లేనిచోట ప్రత్యామ్నాయాల అన్వేషణ కూడా మన దేశంలో జరిగింది. గుండెపోటు తరువాత యోగా ఆధారిత పునరావాసాన్ని దేశంలోని 24 కేంద్రాలలో 3,959 మంది రోగులపై పరీక్షించిన అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ప్రధాన హృదయ సంఘటనలలో రెండు బృందాల నడుమ గణాంకపరంగా నిలిచే భేదం కనిపించలేదు. రోగులు తమ ఆరోగ్యాన్ని తాము అంచనా వేసుకున్న తీరు, పూర్వపు పనులకు తిరిగి వెళ్ళగలగడం మాత్రం యోగా బృందంలో మెరుగ్గా ఉన్నాయి. ఈ ఫలితాన్ని అతిశయోక్తితోనూ, చులకనగానూ చూడకూడదు. తక్కువ ఖర్చుతో రోగిని తిరిగి కదలికలోకి తేగల మార్గంగా దానిని గుర్తించాలి. లోపొరకు అవసరమైన ఒరిపిడిని నిదానమైన ఆసనాలు ఏ మేరకు కలిగిస్తాయన్నది ప్రత్యేకంగా పరిశోధించదగిన అంశం. పొలం పని, ఇంటి పని వంటి నిత్య శ్రమను వ్యాయామ పరిమాణంగా లెక్కగట్టడం, మహిళా రోగులను తగిన సంఖ్యలో అధ్యయనాలలో చేర్చడం, తీవ్రమైన వేసవి నెలలలో వ్యాయామాన్ని ఏ వేళలో, ఎక్కడ కొనసాగించాలో నిర్ణయించడం కూడా ఇక్కడి పరిశోధకుల దృష్టికి రావలసినవే.

10. ముగింపు:

రక్తనాళం రక్తాన్ని మోసే గొట్టం మాత్రమే కాదు; తనలో ప్రవహించే రక్తానికి స్పందించే సజీవ కణజాలం. హృద్ధమనీ వ్యాధిలో ఆ స్పందన వికటిస్తుంది. విచ్చుకోవలసిన సమయంలో ధమని కుంచించుకుపోతుంది. వ్యాయామం వల్ల పెరిగే రక్తప్రవాహపు ఒరిపిడి నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పునరుద్ధరించి ఈ లోపాన్ని గణనీయంగా సరిచేస్తుంది. పూడిక అలాగే ఉన్నా ఈ మార్పు 4 వారాలలో కనిపిస్తుంది. వ్యాయామ రకం, తీవ్రత కంటె క్రమం తప్పకపోవడమే ప్రధానమని ఇప్పటివరకు లభించిన ఆధారాలు సూచిస్తున్నాయి.

అదే సమయంలో ఈ మేలు నిల్వ ఉండేది కాదు. ఒక నెల విరమణతో అది పోయిందని అధ్యయనం చూపించింది. స్టెంటు, బైపాస్, మందులు తమ తమ స్థానాలలో అవసరమైనవే. వాటి తరువాత మిగిలిన జీవితకాలమంతా లోపొరను కాపాడుకునే పని రోగి నడకపై ఆధారపడి ఉంటుంది. రెండు శతాబ్దాల క్రితం హెబర్డెన్ నమోదు చేసిన రోగి కట్టెలు కోసినది ఒక్కరోజు కాదు, ప్రతిరోజూ. ఆనాటి పరిశీలనకు లోపొర పరిశోధన ఇప్పుడు కారణాన్ని సమకూర్చింది.